కల్లం మీద డ్రోన్

"మా ఈడియో అమ్మావంటగా బాబూ, ఎంతొచ్చిందేంటి?"

గుంటూరు దగ్గర మా మామయ్య వాళ్ళ ఊళ్ళో, మిర్చి కల్లంలో తాలు కాయలు ఏరుతున్న ఒకావిడ నన్నడిగిన ప్రశ్న ఇది. అంతకు ముందు ఏడాది ఎండాకాలంలో అదే కల్లం మీద నా చిన్న డ్రోన్ ఎగరేశాను. పైనుంచి చూస్తే నేలంతా ఎరుపు, మధ్యలో నాలుగైదు రంగుల చీరలు. ఇరవై సెకన్ల క్లిప్పు. వీడియోలు అమ్మిపెట్టే ఒక వెబ్‌సైట్‌లో పెడితే రెండుసార్లు అమ్ముడుపోయింది. నా వాటాకి ఎనిమిది వందల రూపాయల దాకా వచ్చింది. మామయ్య ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు.

ఉన్నమాట చెప్పేశాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "రెండ్రోజుల కూలి" అంది. కోపంగా అనలేదు. లెక్క చెప్పింది, అంతే.

హైదరాబాద్ వచ్చాక ఆ లెక్క నన్ను వదల్లేదు. ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి కాబట్టి, ఎక్కడో ఒక రూలు ఉంటుంది, అది చదివితే నేను చేసింది తప్పో ఒప్పో తేలిపోతుంది అనుకున్నాను. చదవడం మొదలుపెడితే దారి డ్రోన్ల కంటే చాలా వెనక్కి పోయింది. పైనుంచి బొమ్మ తీయడం, దాన్ని అమ్ముకోవడం, రెండూ విమానం కంటే పాతవి.

1858లో పారిస్ ఫొటోగ్రాఫర్ నాడార్ బెలూన్ ఎక్కి ఫొటో తీశాడు. బెలూన్ నుంచి లీకైన గ్యాస్ ప్లేట్లను పాడుచేస్తుంటే నానా తంటాలు పడ్డాడు. ఆ ఫొటో ఇప్పుడు లేదు. కానీ ఆ ఏడాదే ఆకాశం నుంచి ఫొటోలు తీసి మ్యాపులు తయారుచేసే పద్ధతికి ఆయన పేటెంటు తీసుకున్నాడు. అంటే మొదటి రోజు నుంచే ఇది సరదా మాత్రమే కాదు, వ్యాపారం కూడా.

ఆ వ్యాపారం ఎంత పెద్దదో చూపించినవాడు షికాగో ఫొటోగ్రాఫర్ జార్జ్ లారెన్స్. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చింది. వెంటనే మంటలు. నగర జనాభాలో సగానికి పైగా నిలువ నీడ కోల్పోయారు. కొన్ని వారాల తర్వాత లారెన్స్ వరసగా కట్టిన గాలిపటాలకి పెద్ద కెమెరా వేలాడదీసి, సముద్రపు ఖాతం మీద రెండు వేల అడుగుల ఎత్తు నుంచి ఆ శిథిల నగరాన్ని ఒకే ఫ్రేములో బంధించాడు. ఒక్కో ప్రింటు 125 డాలర్లకు అమ్మాడు. మొత్తం మీద 15 వేల డాలర్ల పైన సంపాదించాడని చెబుతారు. ఆ రోజుల్లో అది మామూలు డబ్బు కాదు.

ఆ ఫొటో నేను చాలాసేపు చూశాను. ఎంత అందంగా ఉందంటే, చూస్తూ చూస్తూ అది ఏమిటో మర్చిపోతాం. వీధులన్నీ గళ్ళు గళ్ళుగా, గోడలు మాత్రం మిగిలిన భవనాలు, వాటి పైన వెలుగు. మనుషులు ఉన్నారో లేరో తెలీదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఇంచుమించు అలాంటి దృశ్యాలే మన ఫోన్లన్నిటిలోనూ తిరిగాయి. అప్పుడే డ్రోన్లు డాబాల మీద చిక్కుకున్న వాళ్ళకి తిండి పొట్లాలు కూడా చేరవేశాయి. పొట్లం ఇవ్వడానికి కిందికి దిగిన డ్రోన్‌కి మనిషి కనపడాలి. దృశ్యం కోసం పైకి లేచిన డ్రోన్‌కి ఆ అవసరం లేదు.

ఇక చట్టం సంగతి. చట్టం మొదట అడిగిన ప్రశ్న: ఆకాశం ఎవరిది? నేల ఎవరిదైతే దాని మీది ఆకాశమంతా వాళ్ళదే అని యూరప్‌లో ఒక పాత న్యాయసూత్రం ఉండేది. విమానాలు వచ్చాక అది నిలబడలేదు. దాన్ని పడగొట్టినది ఒక కోళ్ళఫారం. అమెరికాలోని నార్త్ కరోలినాలో, గ్రీన్స్‌బరో దగ్గర థామస్ లీ కాజ్‌బీ దంపతులు కోళ్ళు పెంచుకునేవారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పక్కనే ఉన్న ఎయిర్‌పోర్టుకి సైనిక విమానాలు రావడం మొదలైంది. వాళ్ళ స్థలం మీద 83 అడుగుల ఎత్తులో వెళ్ళేవి. ఆ చప్పుడుకి బెదిరి కోళ్ళు గోడలకి కొట్టుకుని చచ్చిపోయేవి, మొత్తం 150 దాకా. ఫారం మూతపడింది. 1946లో అమెరికా సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ డగ్లస్ తీర్పు రాస్తూ, ఆ పాత సూత్రానికి ఈ కాలంలో చోటు లేదన్నాడు. ఆకాశం అందరిదీ. అయితే నేలకి అతి దగ్గరగా, భూమిని వాడుకోనివ్వకుండా ఎగిరితే మాత్రం యజమానికి పరిహారం ఇవ్వాల్సిందే.

కాజ్‌బీ మామూలు రైతు. అయినా గెలిచాడు. ఎందుకంటే ఆయన పోగొట్టుకున్నది లెక్కపెట్టగలిగినది. చచ్చిన కోడి కోర్టుకి కనపడుతుంది.

లెక్కకి అందని నష్టం మాటేమిటి? దానికి జవాబు ఇంగ్లండ్‌లో దొరుకుతుంది. 1970ల్లో స్కైవ్యూస్ అనే కంపెనీ విమానంలో తిరుగుతూ ఇళ్ళని ఫొటోలు తీసి, ఆ ఇళ్ళవాళ్ళకే అమ్మేది. 1974 ఆగస్టులో కెంట్ ప్రాంతంలో అలా తీసిన ఒక ఇల్లు లార్డ్ బెర్న్‌స్టీన్‌ది. గ్రనాడా టెలివిజన్ స్థాపించినవాడు. జనం ఇళ్ళలోకి బొమ్మలు పంపడమే ఆయన వ్యాపారం. తన ఇంటి బొమ్మ బయటికి వెళ్ళేసరికి మాత్రం మండిపడ్డాడు. నెగెటివ్‌లూ ప్రింట్లూ ధ్వంసం చేయండని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం కంపెనీలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి చేతిలో పడింది. విషయం ఏమిటో అర్థంకాక, నెగెటివ్ కావాలంటే 15 పౌండ్లకి ఇస్తామని ఆవిడ మర్యాదగా జవాబు రాసింది.

కేసు కోర్టుకెక్కింది. 1977లో జస్టిస్ గ్రిఫిత్స్ ఇచ్చిన తీర్పులో లార్డ్ గారు ఓడిపోయారు. స్థలాన్ని మామూలుగా వాడుకోడానికి కావలసినంత ఎత్తు వరకే యజమాని హక్కు. ఆ పైన వెళ్తూ ఒక ఫొటో తీసుకుంటే అది చొరబాటు కాదు. కాకపోతే జడ్జి ఒక చిన్న తలుపు తెరిచి ఉంచాడు. ఎవరైనా పనిగట్టుకుని పైనుంచి నిరంతరం నిఘా పెట్టి, ఇంట్లోవాళ్ళు చేసే ప్రతి పనినీ ఫొటో తీస్తుంటే అది వేరే సంగతి, అప్పుడు కోర్టు ఊరుకోకపోవచ్చు అన్నాడు. ఆయన ఊహించిన ఆ నిఘాకి అప్పట్లో బోలెడంత పెట్రోలు కావాలి. ఇప్పుడు ఒక బ్యాటరీ చాలు.

2003లో ఇదే కథ కాలిఫోర్నియాలో ఇంకోలా జరిగింది. కెనెత్ ఏడెల్మన్ అనే ఆయన సముద్రతీరం ఎలా కోతకి గురవుతోందో నమోదు చేయడానికి హెలికాప్టర్ నుంచి 12 వేల ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. వాటిలో 3850 నంబరు ఫొటోలో గాయని బార్బ్రా స్ట్రైసాండ్ ఇల్లుంది. ఆవిడ 5 కోట్ల డాలర్లకి దావా వేసింది. దావాకి ముందు ఆ ఫొటోని డౌన్‌లోడ్ చేసినవి ఆరే ఆరుసార్లు, అందులో రెండు ఆవిడ లాయర్లవే. దావా తర్వాత నెల రోజుల్లో ఆ సైటుకి నాలుగు లక్షల మందికి పైగా వచ్చారు. కేసు కొట్టేశారు. అవతలివాళ్ళ కోర్టు ఖర్చులు కూడా ఆవిడే కట్టాల్సి వచ్చింది. దాచాలనుకున్నది మరింత బయటపడడానికి ఆవిడ పేరే స్థిరపడింది.

ఈ కేసులు వరసగా చదువుతుంటే ఒకటి గమనించాను. బొమ్మ గురించి కోర్టుకి వెళ్ళినవాళ్ళు ఒక లార్డూ, ఒక స్టారూ. మన దగ్గరా అంతే. 2023 జనవరిలో తిరుమల ఆలయాన్ని పైనుంచి చూపించే వీడియో సోషల్ మీడియాలో తిరిగితే, క్రిమినల్ కేసు పెడతామని టీటీడీ వెంటనే ప్రకటించింది. గట్టిగా అడగగలిగినవాళ్ళు అడిగారు. అడగలేనివాళ్ళ కేసు ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి, వాళ్ళ గురించి చట్టం ఏమంటుందో మనకి తెలిసే అవకాశమూ లేదు.

డ్రోన్లు వచ్చాక చట్టానికి మరో ప్రశ్న పట్టుకుంది: నువ్వు డబ్బు తీసుకున్నావా? 2011లో రఫాయెల్ పిర్కర్ అనే కుర్రాడు వర్జీనియా విశ్వవిద్యాలయం మీద ఫోమ్‌తో చేసిన చిన్న విమానం ఎగరేసి ప్రచార వీడియో తీశాడు. అందుకు డబ్బు పుచ్చుకున్నాడు. అజాగ్రత్తగా ఎగరేశాడంటూ అమెరికా పౌర విమానయాన సంస్థ 10 వేల డాలర్ల జరిమానా వేసింది. ఆ రోజుల్లో అక్కడ సరదాకి ఎగరేస్తే అభ్యంతరం లేదు, వ్యాపారానికైతే కుదరదు. 2014 మార్చిలో ఒక జడ్జి ఆ జరిమానా కొట్టేశాడు. నవంబర్‌లో పై బోర్డు ఆ తీర్పుని తిప్పేసి, డ్రోన్ కూడా విమానమే అంది. చివరికి 2015 జనవరిలో, తప్పు ఒప్పుకోకుండానే, 1,100 డాలర్లు కట్టి పిర్కర్ బయటపడ్డాడు.

మన దేశంలో 2014 అక్టోబర్‌లో డీజీసీఏ ఒక్క నోటీసుతో పౌరుల డ్రోన్లన్నిటినీ ఆపేసింది. 2018 డిసెంబర్ నుంచి కొన్ని నిబంధనలు, 2021 మార్చిలో ఇంకొన్ని, అవి మరీ బిగుతుగా ఉన్నాయని గోల పెడితే ఆగస్టులో ఇప్పుడున్న డ్రోన్ రూల్స్ వచ్చాయి. ఇవి చాలా తేలిక. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రెండు కిలోల లోపువాటికి సరదాకైతే అక్కర్లేదు, సంపాదనకైతే కావాలి. అదే పాత గీత మళ్ళీ ఇక్కడ! మార్చి నిబంధనల్లో, వ్యక్తుల ప్రైవసీకి భంగం కలగకుండా చిత్రీకరించాలని ఉండేది. ఆగస్టు నిబంధనల్లో ప్రైవసీ గురించి విడిగా ఏమీ లేదు.

ఆకాశం వదిలేసి బొమ్మ వైపు నుంచి చూద్దామని కాపీరైట్ చట్టం తెరిచాను. 1957 నాటి ఆ చట్టంలో 17వ సెక్షన్ చెప్పేది, డబ్బిచ్చి ఎవరైనా ఫొటో గానీ ఫిల్మ్ గానీ తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. మన పెళ్ళిళ్ళలో పందిరి మీద డ్రోన్ తిప్పి, ఆ క్లిప్పుల్ని తర్వాత ఆన్‌లైన్‌లో అమ్ముకునే కుర్రాళ్ళు ఇది చదువుకోవడం మంచిది. అవి పెళ్ళివారివి. నా క్లిప్పు ఎవరూ డబ్బిచ్చి తీయించుకున్నది కాదు కాబట్టి నాదే. తీసినవాడూ తీయించినవాడూ ఈ చట్టానికి తెలుసు. బొమ్మలో ఉన్న మనిషి తెలీదు.

ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. కానీ కల్లంలో పనిచేస్తున్న మనిషి నలుగురి మధ్యే ఉంది. స్త్రీల ఏకాంతాన్ని దొంగచాటుగా చిత్రించడం నేరం, ఇది అదీ కాదు. ఇక క్లిప్పు అమ్మిన వెబ్‌సైట్ నియమం: ముఖం గుర్తుపట్టేలా ఉంటే ఆ వ్యక్తి సంతకం చేసిన అంగీకారపత్రం కావాలి. వంద అడుగుల పైనుంచి ముఖాలు కనపడవు కాబట్టి వాళ్ళు నన్నేమీ అడగలేదు. అంటే ఎంత పైకి వెళ్తే అంత తక్కువమందిని అడగాలి. నిజానికి ఆ ఊళ్ళో ఎవరికి చూపించినా చీర చూసి, కూర్చున్న తీరు చూసి, ఎవరెవరో పేర్లతో సహా చెబుతారు. గుర్తుపట్టలేనిది కొనేవాడు మాత్రమే.

మొత్తానికి నేను చదివిన చట్టాల్లో నా తప్పేమీ దొరకలేదు. ఆ సంగతి తెలిశాక ఊరట కలగాలి కదా. కలగలేదు. నూట అరవై ఏళ్ళకి పైగా అడుగుతూ వచ్చిన ప్రశ్నలన్నీ పైన ఉన్నవాడివే. ఆకాశం ఎవరిది, సురక్షితంగా ఎగిరాడా, డబ్బు పుచ్చుకున్నాడా, హక్కు ఎవరిది. నాకు ఎదురైన ప్రశ్న కింది నుంచి వచ్చింది.

క్లిప్పు అమ్మకం ఆపేశాను. కొన్న ఇద్దరి దగ్గర అది ఉంటుంది, ఎక్కడ ఎలా వాడుకున్నారో నాకు తెలీదు. వెనక్కి రప్పించుకునే వీలు లేదు. ఇల్లు అమ్మితే ఒకరికే అమ్ముతాం. బొమ్మని ఎన్నిసార్లయినా అమ్మొచ్చు, ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేం. అందుకే అడగాల్సిందేదో ముందే అడగాలి.

ఆవిడకి అభ్యంతరం లేదని కూడా చెప్పాలి. ఆ రోజు నేను బయల్దేరుతుంటే, "ఈసారొచ్చే ముందు చెప్పు బాబూ, మంచి చీరలు కట్టుకొస్తాం" అంది. మిగతావాళ్ళు నవ్వారు. ఆ మాట పట్టుకుని వచ్చే ఎండాకాలం వెళ్ళి అడుగుదామనే అనుకున్నాను, డబ్బులో వాటా కూడా ఇద్దామని. కానీ ఆ కల్లం మామయ్యది. వాళ్ళకి కూలి ఇచ్చేది ఆయన. ఆయన మేనల్లుడు కెమెరా పట్టుకుని వచ్చి "తీసుకోమంటారా?" అంటే, ఆయన ముందు కాదనగలిగేది ఎవరు? ఈసారి కల్లానికి కాదు, సాయంత్రం పనయ్యాక వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అడగాలి. ఒక్కరు వద్దన్నా డ్రోన్ సంచిలోంచి తీయకూడదు.