ప్రైవసీ మనకెందుకప్పా?

కొత్త ఫోనేదైనా మార్కెట్లోకొస్తే మన ఆఫీసుల్లో వారం రోజులు అదే చర్చ. కెమెరా ఎంత, బ్యాటరీ ఎంతసేపొస్తుంది, అమెరికా నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పిస్తే ఎంత మిగులుతుంది. మనం ఎక్కడెక్కడ తిరిగామో ఆ ఫోను ఎవరికి చెబుతోందని అడిగితే మాత్రం "దాచుకోడానికి మనమేమన్నా దొంగతనాలు చేస్తున్నామా?" అని నవ్వేస్తారు. మా నంబులపూలకుంట వైపు అయితే "ప్రైవసీ మనకెందుకప్పా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇదంతా తెల్లవాళ్ళ బెంగ అనీ, గూగుల్, ఫేస్‌బుక్కులతో పాటు దిగుమతైన సరుకనీ మనవాళ్ళ నమ్మకం.

చరిత్ర చూస్తే అలా లేదు. సుప్రీంకోర్టులో ఈ హక్కు కోసం గట్టిగా కలం పట్టింది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. అది 1962. ఇంటర్నెట్ సంగతి దేవుడెరుగు, మన ఊళ్ళలో టెలిఫోనే వింత.

కేసు కథ ఇది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారు గానీ పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. ఇక అప్పట్నుంచీ రాత్రిళ్ళు చౌకీదారూ కానిస్టేబుళ్ళూ వచ్చి తలుపు కొట్టడం, నిద్ర లేపడం, ఊరు దాటితే ఎక్కడికెళ్తున్నాడో రాసుకోవడం. ఆయన విసిగిపోయి కోర్టుకెక్కాడు. ఆరుగురు జడ్జీల్లో ఎక్కువమంది, రాత్రిపూట ఇంటిమీదికి వెళ్ళడం చెల్లదన్నారు గానీ మిగతా నిఘాని అలాగే ఉంచేశారు. ప్రైవసీ అనే హక్కు మన రాజ్యాంగంలో లేదని కూడా తేల్చేశారు.

సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. సుబ్బారావు గారి వాదన సారం నా మాటల్లో చెప్తాను. మనిషి కాళ్ళకి సంకెళ్ళు లేనంత మాత్రాన స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు. వెనకాల ఒకడు వస్తున్నాడనీ, అన్నీ రాసుకుంటున్నాడనీ తెలిసినప్పుడు అడుగు ముందే తడబడుతుంది. రాజ్యాంగంలో ఆ పేరుతో హక్కు రాసి లేకపోయినా, వ్యక్తి స్వేచ్ఛ అన్నదాంట్లోనే అది ఉంది. ఈ పేజీలు చదువుతుంటే నాకు కళ్ళముందు మెదిలింది ఫోనులో లొకేషన్ హిస్టరీ. ఆనాటి చౌకీదారుకి కనీసం నిద్రొచ్చేది :)

రాయలసీమలో షీటంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఎవరికో రౌడీ షీటుందంటే పిల్ల సంబంధాల దాకా పాకుతుంది ఆ మాట. ఈ నిఘా రిజిస్టర్ల మీద 1980 డిసెంబరులో మలక్ సింగ్ కేసులో తీర్పు రాసింది మన గుత్తిలో పుట్టిన ఓ. చిన్నప్పరెడ్డి గారు. ఉమ్మడి అనంతపురం జిల్లాకి ఆ కొసన గుత్తి, ఈ కొసన మా ఊరు. సరైన ఆధారం లేకుండా ఎవరిపేరు పడితే వాళ్ళది రిజిస్టర్లో ఎక్కించకూడదు, నేరం ఆపడానికే తప్ప మనిషి పరువూ ప్రైవసీ తీసేలా నిఘా ఉండకూడదు అన్నారు. పేరు ఎక్కించేముందు ఆ మనిషికి చెప్పక్కర్లేదని కూడా అన్నారు. అది నాకు నచ్చలేదు. నన్ను ఏ లిస్టులో వేశారో నాకే తెలియకపోతే ఆధారం సరైందో కాదో ఎవరు అడగాలి?

1983లో కడప సబ్ కోర్టు నుంచి వచ్చిన నటి సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి పి.ఎ. చౌదరి గారు, భార్యని బలవంతంగా కాపురానికి పంపే సెక్షన్ ప్రైవసీకి విరుద్ధమని కొట్టేశారు. మరుసటి ఏడే ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయం కుదరదంది.

నా దృష్టిలో వీటన్నిట్లో మనకి ఇవాళ బాగా పనికొచ్చేది 1994 నాటి ఆటో శంకర్ కేసు. ఉరిశిక్ష పడ్డ ఖైదీ తన కథ రాస్తే నక్కీరన్ పత్రిక వేస్తానంది, అధికారులు తమ పేర్లు బయటికొస్తాయని అడ్డం పడ్డారు. తీర్పు రాసింది బి.పి. జీవన్‌రెడ్డి గారు. మామూలు మనిషి ఇంటి విషయాలు ఆయన ఒప్పుకోకుండా అచ్చెయ్యకూడదు, పబ్లిక్ రికార్డులో ఉన్నదైతే వెయ్యొచ్చు అన్నారు. ఉద్యోగ ధర్మంగా చేసిన పనుల విషయంలో మాత్రం అధికారికి ప్రైవసీ అడ్డం పెట్టుకునే వీల్లేదన్నారు.

2015లో ఆధార్ కేసులో కేంద్రం పాత తీర్పులు తవ్వి తీసి, ప్రైవసీ ప్రాథమిక హక్కే కాదంది. ఆ ప్రశ్నని పెద్ద బెంచికి పంపిన ముగ్గురిలో కృష్ణా జిల్లాకి చెందిన జాస్తి చలమేశ్వర్ గారు ఒకరు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా హక్కేనన్నారు, వాళ్ళలోనూ ఆయన ఉన్నారు. సుబ్బారావు గారి మాట నెగ్గడానికి 55 ఏళ్ళు పట్టింది.

నెగ్గి ఏడాది తిరక్కుండానే, 2018 ఏప్రిల్‌లో, ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షలమంది ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతంతో సహా ఎవరికైనా కనపడేలా ఉన్నాయని శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టుకున్న పాపానికి! ఇది హ్యాకింగ్ కూడా కాదు. పేజీకి లాగిన్ పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదంతే. మన వృత్తివాళ్ళే కదా రాసింది ఆ కోడు.

2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో సెక్షన్ 17 కింద ప్రభుత్వం తను కోరుకున్న సంస్థని చట్టం నుంచి తప్పించొచ్చు. అదే చట్టం సమాచార హక్కు చట్టంలో 8(1)(జె)ని కూడా మార్చేసింది, 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకొచ్చింది. ఇదివరకు ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారం కూడా ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు "వ్యక్తిగతం" అంటే చాలు, ఆపెయ్యొచ్చు. 8(2) ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఇవ్వను అనడానికి ఒక్క పదం చాలు, ఇవ్వాలని నిరూపించడానికి అప్పీళ్ళ మీద అప్పీళ్ళు.

ఉపాధి హామీ పథకం మొదలైంది మా జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకంలో మస్టర్లు వెబ్‌సైటులో పెట్టేవారు, సామాజిక తనిఖీలో ఊరందరి ముందూ పేర్లు చదివేవారు. చనిపోయినవాళ్ళ పేరుమీద కూలి ఎత్తినా అక్కడే దొరికేది. ఇప్పుడు అదే మస్టరు కాయితం అడిగితే, దొంగ పేర్లు రాసిన అధికారి "ఇది కూలీల వ్యక్తిగత సమాచారం, ఇవ్వడం కుదరదు" అని రాసివ్వొచ్చు. అదే కూలీ రేషను షాపుకెళ్తే మాత్రం మిషను మీద వేలు పెట్టాల్సిందే.