రాజుగారి కోట, సార్జెంటు పేరు

గోడలకు చెవులుంటాయంటారు గానీ, నోళ్లుంటే ఎంత బావుణ్ణు! ఐర్లండులో షానన్ నది ఒడ్డున అథ్లోన్ కోట ఉంది. ఇంగ్లండు రాజు జాన్ కోసం 1210లో కట్టారు.

1691 ముట్టడిలో శత్రువులు వంతెన దాటకుండా పలకలు పీకెయ్యడానికి కస్ట్యూమ్ అనే సార్జెంటు కొందరిని వెంటబెట్టుకుని గుళ్లవానలోకి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఊరూ దక్కలేదు. 1697లో పిడుగుపడి మందుగుండు పేలి కోట చాలావరకు కూలింది. మళ్లీ కట్టుకుని సైన్యమే కాపురం చేసింది.

1922లో బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయాక, దగ్గర్లోని విక్టోరియా బ్యారక్స్‌కి రాణిగారి పేరు తీసేసి కస్ట్యూమ్ పేరు పెట్టుకున్నారు. ముట్టడికి మూడొందల ఏళ్లు నిండిన 1991లో కోటలో సందర్శకుల కేంద్రం తెరిచారు. 2012లో మళ్లీ తీర్చిదిద్దారు.

రాళ్లు పేర్చడం తాపీమేస్త్రీ పని. పేరు నిలబెట్టడం ఊరి పని. గోడలకి నోరు లేకపోతేనేం, ఆ పేరు చాలదుటండీ?