అద్దం మీద ఎవరి పేరు?

1930 అక్టోబరు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, స్నోక్వాల్మీ కనుమ దారి. బాక్‌స్టర్ అనే ఆయన ఫోర్డ్ మోడల్ ఏ కారు నడుపుకుంటూ వెళ్తున్నాడు. కారు కొని ఆరు నెలలు కూడా కాలేదు. పక్కనుంచి పోతున్న ఇంకో కారు చక్రాల కిందనుంచి ఒక గులకరాయి లేచి ముందు అద్దానికి తగిలింది. గాజు ముక్కలు ఎగిరి ఆయన ఎడమ కంట్లో పడ్డాయి. ఆ కన్ను పోయింది.

ఆ అద్దం ఎక్కడో రోడ్డు పక్క షాపులో మార్పించుకున్నది కాదు. కారుతో పాటే వచ్చింది. మన భాషలో చెప్పాలంటే అసలు సిసలు 'కంపెనీ గ్లాస్'.

ఇవాళ మన కారు ముందు అద్దం పగిలితే షాపువాడు అడిగే మొదటి ప్రశ్న ఇదే: "కంపెనీది వెయ్యమంటారా, బయటిది వెయ్యమంటారా?" రెండింటి ధరల మధ్య చాలా తేడా ఉంటుంది. ఎక్కువ చెబితే ఒరిజినల్ అనీ, తక్కువ చెబితే డూప్లికేట్ అనీ మనకి మనమే తేల్చేసుకుంటాం. ఆ రెండు మాటలకీ అర్థాలు అంత తేలిగ్గా కుదరలేదు. వాటి వెనక నూరేళ్ళ పైబడిన కథ ఉంది.

తొలినాటి కార్లకి ముందు అద్దమే లేదు. గాలి, దుమ్ము, పురుగులు అన్నీ మొహానికే. తర్వాత అద్దం వచ్చింది గానీ అది ఇంటి కిటికీకి వేసే మామూలు గాజే. గుద్దుకుంటే కత్తుల్లా ముక్కలయ్యేది. ఈ సమస్యకి మందు కనిపెట్టినవాడు ఇంజనీరు కాదు. ఎడువార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి చిత్రకారుడు. బట్టలకీ తివాచీలకీ డిజైన్లు గీసేవాడు, రసాయన ప్రయోగాలు కూడా చేసేవాడు. ఆయన ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె కిందపడి బీటలు వారింది గానీ ముక్కలు చెదరలేదట. లోపల ఎప్పుడో ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి ఉంచిందట. ఈ కథలో నిజమెంతో, చెప్పగా చెప్పగా చేరిందెంతో గానీ, 1909లో ఆయన పేటెంటు తీసుకున్నది మాత్రం వాస్తవం. రెండు గాజు పలకలు, మధ్య ఒక పొర. మొత్తం మూడు కాబట్టి దానికి 'ట్రిప్లెక్స్' అని పేరు. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ గాజుని విషవాయు ముసుగుల కళ్ళద్దాలకి వాడారు. కార్లలోకి వచ్చింది ఆ తర్వాతే.

1927 చివర్లో మోడల్ ఏ వచ్చినప్పుడు ముందు అద్దానికి ఇలాంటి పొరల గాజు పెట్టడం దాని గొప్పల్లో ఒకటి. కేటలాగులో ఆ మాట గట్టిగానే చెప్పుకున్నారు: ఇది ట్రిప్లెక్స్ అద్దం, ఎంత దెబ్బ తగిలినా ముక్కలై ఎగరదు. బాక్‌స్టర్ నమ్మింది ఆ మాటనే. కన్ను పోయాక ఫోర్డ్ మీదా, కారమ్మిన డీలరు మీదా దావా వేశాడు.

ఆ రోజుల్లో న్యాయసూత్రం సూటిగా ఉండేది. వస్తువు నువ్వు కొన్నది డీలరు దగ్గర. తయారుచేసినవాడికీ నీకూ ఒప్పందం ఏదీ లేదు. కాబట్టి వాడిని అడిగే హక్కు నీకు లేదు. 1932లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు డీలరుని వదిలేసింది గానీ, ఫోర్డ్ విషయంలో ఈ సూత్రాన్ని పక్కన పెట్టింది. అద్దాన్ని చూసి అది పగిలితే ఎగిరే గాజో కాదో మామూలు కొనుగోలుదారు తెలుసుకోలేడు. ప్రచారం చేసి జనాన్ని నమ్మించినవాడే ఆ మాటకి జవాబుదారీ. ఒప్పందం లేదని తప్పుకోవడం కుదరదు. వినియోగదారుల హక్కుల చరిత్రలో న్యాయవిద్యార్థులు ఇప్పటికీ చదివే తీర్పుల్లో ఇదొకటి.

అద్దం చూస్తే తెలియదు. మొత్తం గొడవకి మూలం ఇదే. కూరగాయల్లా నొక్కి చూసి, చీరలా పట్టి చూసి కొనేది కాదు. ఎవరో ఒకరి మాట నమ్మాలి. ఎవరి మాట? కారు కంపెనీదా, గాజు కంపెనీదా, ప్రభుత్వానిదా? ఆ తర్వాతి చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముందు గాజు సంగతి. సెల్యులోజ్ నైట్రేట్ పొర ఎండకి పసుపు రంగుకి తిరిగేది. 1930ల చివర్లో దాని స్థానంలోకి పాలీవినైల్ బ్యుటిరాల్ వచ్చింది, పొడిగా పీవీబీ. ఇవాళ్టి దాకా అదే. 1966లో అమెరికా కార్లలో ఈ పొర మందం 0.38 మిల్లీమీటర్ల నుంచి 0.76కి పెరిగింది. తల గుద్దుకున్నా పొర చిరగకుండా సాగాలని ఈ మార్పు. ఇక 1959లో బ్రిటన్‌లో పిల్కింగ్టన్ సంస్థ 'ఫ్లోట్' పద్ధతిని ప్రకటించింది. కరిగిన తగరం మీద కరిగిన గాజుని తేలేలా పోస్తే రెండు వైపులా దానంతటదే నునుపుగా వస్తుంది. అంతకుముందు గాజుని రెండు పక్కలా అరగదీసి మెరుగుపెట్టాల్సి వచ్చేది. పిల్కింగ్టన్ ఈ పద్ధతిని లైసెన్సుల మీద ప్రపంచమంతా ఇచ్చింది. దాంతో మంచి చదును గాజు ఏ ఒక్కరి రహస్యమూ కాకుండా పోయింది.

ఫోర్డ్ లాంటి ఒకటి రెండు కంపెనీలు సొంతంగా గాజు చేసుకున్నాయి గానీ, కారు కంపెనీల్లో చాలావరకు అద్దాలు బయటే కొంటాయి. మన దగ్గరా అంతే. మారుతి 800 వచ్చిన కొత్తలో, 1984లో, జపాన్ అసాహి గ్లాస్, మారుతి, లబ్రూ కుటుంబం కలిసి పెట్టిన గాజు కంపెనీయే ఇవాళ్టి అసాహి ఇండియా. సెయింట్ గోబెయిన్ సెక్యూరిట్ ఇంకొకటి. పద్నాలుగో లూయీ కాలంలో, 1665లో, అద్దాల తయారీకి పుట్టిన ఫ్రెంచి సంస్థ అది. మీ కారు పుట్టినప్పుడు దానికున్న అద్దం ఇలాంటి ఏదో ఒక సంస్థ చేసిందే.

కాబట్టి షాపువాడు చెప్పే రెండు రకాలు నిజానికి మూడు. ఒకటి, గాజు కంపెనీ చేసి, కారు కంపెనీ ముద్ర వేసి, షోరూములో అమ్మేది. రెండు, అదే గాజు కంపెనీ తన సొంత ముద్రతో బయట అమ్మేది. మూడు, ఆ కారుకి ఎప్పుడూ సరఫరా చెయ్యని వేరే సంస్థ కొలతలు తీసుకుని చేసేది. రెండోదాన్నీ మూడోదాన్నీ ఒకే గాటన కట్టి 'బయటిది' అనేయడం వల్లే సగం తికమక.

ఈ రెండో రకాన్ని మన దాకా రానివ్వాలా వద్దా అన్నదే తర్వాతి యుద్ధం. 1986లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకి ఒక కేసు వచ్చింది. అది అద్దం కేసు కాదు, సైలెన్సర్ గొట్టం కేసు. మా డ్రాయింగుల మీద కాపీరైటు మాదే, ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ మా కార్లకి గొట్టాలు చెయ్యకూడదు అంది బ్రిటిష్ లేలాండ్. కారు కొన్నవాడికి దాన్ని అందుబాటు ఖర్చుతో బాగుచేయించుకునే హక్కు కూడా వస్తుందని, కాపీరైటు చూపించి దానికి అడ్డుపడకూడదని లార్డ్స్ తేల్చారు. 2002లో యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు వేసింది. కారు కంపెనీ ఇచ్చిన ప్రమాణాల ప్రకారం తయారైతే చాలు, డబ్బా మీద ఎవరి పేరున్నా అది 'ఒరిజినల్' విడిభాగమే అని నిర్వచించింది. సరఫరాదారు తన పేరు ఆ భాగం మీద కనిపించేలా వేసుకుంటానంటే కారు కంపెనీ అడ్డుకోకూడదని కూడా రాసింది.

మన దగ్గర ఈ గొడవ 2014లో పతాక స్థాయికి చేరింది. ఆ ఏడాది ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కారు కంపెనీలకి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు చేసే సరఫరాదారులు వాటిని బయట మార్కెట్లో నేరుగా అమ్ముకోకుండా కట్టడి చేశారని, బయటి మెకానిక్కులకి భాగాలూ పరికరాలూ అందకుండా చేశారని కమిషన్ తేల్చింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకుని బతికే మెకానిక్‌కి ఇది కోర్టు వార్త కాదు, తిండి గింజల సంగతి.

మరి కారు కంపెనీ పేరు లేని అద్దాన్ని ఏ ధైర్యంతో నమ్మడం? ఇక్కడే ప్రమాణాలు వస్తాయి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని 43వ నిబంధన ప్రకారం ముందు అద్దం మీద 227 గ్రాముల ఉక్కు బంతిని, 2260 గ్రాముల బంతిని, తల ఆకారంలో ఉండే 10 కిలోల బరువుని పడేసి చూస్తారు. చూపు వంకరపోతుందా, ఎదుటి లైటు రెండుగా కనిపిస్తుందా అని కూడా పరీక్షిస్తారు. మన దేశంలో ఐఎస్ 2553 ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 100వ నియమం ముందు అద్దంలోంచి కనీసం 70 శాతం వెలుగు రావాలంటుంది. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు పీకించింది ఈ నియమం ఆధారంగానే. అద్దం మూలన సన్నటి అక్షరాల్లో ఉండే ముద్ర ఈ కథంతటికీ సారం. ఎవరు చేశారు, ఏ ప్రమాణం, పొరల గాజా కాదా, అన్నీ అక్కడే ఉంటాయి. బాక్‌స్టర్‌కి కేటలాగు తప్ప గతి లేదు. మనకి ఆ ముద్ర ఉంది.

అయితే గత కొన్నేళ్ళలో తరాజు మళ్ళీ కారు కంపెనీల వైపు మొగ్గుతోంది. 2021లో వచ్చిన ఎక్స్‌యూవీ 700, ఆస్టర్ లాంటి కార్లలో అద్దం వెనక కెమెరా ఉంటుంది. దారి గీతలు చూసేది, ముందున్న బండిని గుర్తించి బ్రేకు వేయించేది అదే. అది గాజులోంచి చూస్తుంది కాబట్టి ఆ చోట గాజు వంపు, కెమెరాని పట్టి ఉంచే బ్రాకెట్ ఏ కాస్త తేడాగా ఉన్నా కారు చూపు తేడా పడుతుంది. అద్దం మీదే స్పీడు కనిపించే కార్లలో పీవీబీ పొర ఒకవైపు కాస్త మందంగా ఉండాలి, లేకపోతే అంకెలు రెండుగా కనిపిస్తాయి. ప్రమాణం చెప్పేది కనీస హద్దు మాత్రమే. ఇవి ఆ హద్దుకి పైన ఉన్న విషయాలు.

ఇంత చరిత్ర చదివాక షాపులో ఏం చెప్పాలి? కెమెరా, అద్దం మీద అంకెలు ఉన్న కారైతే కంపెనీ ముద్ర ఉన్నది, లేదా అదే సరఫరాదారు అదే వివరాలతో చేసింది వేయించండి. కెమెరాని మళ్ళీ సరిచూసే పని ఖర్చులో ఉందో లేదో ముందే అడగండి. ఇవేవీ లేని మామూలు కారైతే, పేరున్న గాజు సంస్థ ప్రమాణ ముద్రతో చేసిన బయటి అద్దానికి భయపడక్కర్లేదు. ముద్రే లేనిది ఎంత చవకైనా వద్దు. ఇన్సూరెన్స్ ఉంటే ఇంకో సంగతి: రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకి 50 శాతం తరుగుదల కోస్తారు గానీ గాజుకి కొయ్యరు. అయితే క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోవచ్చు, ఆ లెక్క కూడా చూసుకోండి.

చివరిగా బంక సంగతి. పాత అంబాసిడర్‌లో అద్దాన్ని రబ్బరు బీడింగ్ పట్టుకునేది. ఇప్పటి కార్లలో యురెథేన్ బంకతో బాడీకి అతికిస్తారు. పల్టీ కొడితే పైకప్పు నలగకుండా నిలబడటంలో ఆ అద్దానికీ వాటా ఉంది. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగు విచ్చుకునేది దాన్ని ఆసరా చేసుకునే. తుప్పు గీకకుండా, ప్రైమర్ వెయ్యకుండా హడావిడిగా అతికిస్తే ఏ కంపెనీ ముద్రా కాపాడలేదు. అద్దం బిగించాక బండి ఎన్ని గంటలు కదపకూడదో అడగండి. "ఇప్పుడే తీసుకెళ్ళిపోవచ్చు సార్" అని వెంటనే జవాబొస్తే, ఏ బంక వాడారో, దాని డబ్బా మీద ఎంతసేపు ఆగమని రాసుందో చూపించమనండి.