‘వేషధారి’ అను మాట: పాలమూరు సంఘములలో పాత్రధారణ చరిత్ర

క్రిస్మస్ సెలవులకు హైదరాబాదు నుండి వనపర్తి వచ్చిన మా సంఘ యువకులు కొందరు ఒక రాత్రి మా వరండాలో కూర్చొని ఒక ఆట ఆడారు. చాప మీద కాగితాలు, పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచిక. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవారు తలా ఒక పాత్రను తీసుకొని, ఆ పాత్ర పేరుతోనే పలుకుతారు, ఆ పాత్ర బుద్ధితోనే నిర్ణయిస్తారు. మరునాడు సంఘపెద్దలలో ఒకాయన నా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, రాత్రంతా పిల్లలు సొంత పేర్లు విడిచి వేరే పేర్లతో పిలుచుకున్నారు. ఇది వేషం కట్టుడు కాదా?” అని అడిగారు.

ప్రశ్న చిన్నదే. కానీ మన సంఘ చరిత్రలో దాని వేళ్లు చాలా లోతుగా ఉన్నాయి.

ఈ ఆటల తరగతిలో మొదట అచ్చయినది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దానిని వెలువరించారు. దశాబ్దం తిరగక ముందే అక్కడి క్రైస్తవులు కొందరు దానిని దయ్యాల విద్య అన్నారు. కుమారుని ఆత్మహత్యకు ఈ ఆటే కారణమని నమ్మిన ప్యాట్రీషియా పుల్లింగ్ అనే తల్లి 1983లో దీనికి వ్యతిరేకంగా ఒక సంస్థను స్థాపించింది. 1984లో జాక్ చిక్ దీని మీద ఒక బొమ్మల కరపత్రం అచ్చువేశాడు. ఆరోపణ సారం ఒక్కటే: పాత్రలో మునిగినవాడు తిరిగి పైకి రాడు. ఆటగాళ్లు కూడా ‘మునుగుట’ అనే అర్థమిచ్చే మాటనే వాడుతారు, కాకపోతే వారు దానిని మెచ్చుకోలుగా వాడుతారు. 2000లో ఫిన్లాండుకు చెందిన మైక్ పొహ్యోలా, పాత్రలో లీనమగుటే ఈ ఆటకు ప్రాణమని ఒక ప్రకటన రాశాడు. ముంచుట బాప్తిస్మము ఇచ్చే మా సంఘాలవారికి ఈ పోలిక నవ్వు తెప్పించవచ్చు.

ఇక ‘వేషము’ అను మాటకు వద్దాము. మత్తయి సువార్త 6, 23 అధ్యాయములలో ప్రభువు గద్దించిన వారిని మన తెలుగు బైబిలు ‘వేషధారులు’ అంటుంది. గ్రీకు మూలములోని ‘హుపొక్రితేస్’ అనే పదానికి నాటకములో నటించువాడు అనే అర్థం ఉంది. అనువాదకులు పదానికి పదము సరిగానే ఎంచుకున్నారు, ఇంగ్లీషు బైబిలు కంటే మనదే మూలానికి దగ్గర. అయితే ఆ మాట వచ్చి పడిన నేల వేరు. మన పల్లెలలో వేషధారి అంటే మోసగాడు కాదు. యక్షగానములో రాజు వేషం కట్టేవాడు, పగటివేషగాడు, చిందు భాగవతుడు. వారు వేషములో ఉన్నారని ఊరందరికీ తెలుసు. ప్రభువు గద్దించిన వేషధారి తాను వేషంలో ఉన్నట్టు ఎదుటివాడికి తెలియనీయడు. ఈ తేడాను మన ప్రసంగాలు తరచు దాటవేశాయి. నా ప్రసంగాలూ అంతే.

అమెరికన్ మెనోనైట్ బ్రదరెన్ మిషను నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతములలో పనిచేసినప్పుడు సువార్తను మొదట అంగీకరించినవారిలో ఎక్కువమంది మాదిగలు, మాలలు. (ఈ మూడూ 2016 అక్టోబరులో వేరు జిల్లాలయ్యాయి. అప్పుడు నైజాం రాజ్యములోనివి.) మాదిగలను ఆశ్రయించి బ్రతికే కళాకారుల కులాలలో చిందువారు, దక్కలివారు ముఖ్యులు. చిందువారు జాంబపురాణము, ఎల్లమ్మ కథ ఆడతారు. దక్కలివారు కిన్నెర మీటుతూ కథ చెబుతారు. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం ఔసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చిన తరువాత ఈ పన్నెండు మెట్ల కిన్నెర దేశానికి తెలిసింది. మాదిగవాడ విశ్వాసములోనికి వచ్చినప్పుడు ఈ ఆశ్రితులకు ఇచ్చే వాటా ఆగిపోయింది. మన సంఘ చరిత్రలు బాప్తిస్మముల లెక్కలు రాశాయి గాని, ఈ లెక్క రాయలేదు.

అయితే తొలి విశ్వాసులను నిందించుట న్యాయము కాదు. వారికి ఎల్లమ్మ వేషం నటన కాదు. చిందు ఆటలో ఆ వేషం కట్టిన స్త్రీకి ఊరివారు దేవతకు మొక్కినట్టే మొక్కుతారు. నిజామాబాదు జిల్లా బోధన్ ప్రాంతములో జీవించి 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ ఈ వేషములకు తెలంగాణ అంతటా ప్రసిద్ధురాలు. వేషములోనికి దేవత దిగివచ్చునని నమ్మినవాడు క్రీస్తును ప్రభువుగా ఒప్పుకొని, ఆ వేషం ముందు ఎట్లు నిలువగలడు? తొలితరము విడిచిపెట్టినది సరదాను కాదు, ఒక ఆరాధనను. తప్పు ఎక్కడ జరిగిందంటే, దానితో పాటు అన్ని వేషములనూ, డప్పునూ, గజ్జెనూ ఒకే మూట కట్టి బయట పారవేయుటలో.

ఈ సంగతిని గుర్తించినవాడు మనవాడే. శంషాబాదులో 1932లో మిషనెరీ కుటుంబములో పుట్టిన పాల్ హీబర్ట్, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక గ్రామమును పరిశీలించి 1971లో ‘కొండూరు’ అనే గ్రంథము వెలువరించాడు. పాత ఆచారములను విచారింపక త్రోసివేస్తే ఒక ఖాళీ మిగులుతుందనీ, త్రోసివేసినవి చాటున కొనసాగుతాయనీ ఆయన 1980లలో వాదించాడు. విచారింపక అంగీకరించుట కూడా అంతే ప్రమాదమన్నాడు. సంఘమంతా కూర్చొని, ఆచారమును తెలుసుకొని, వాక్యముతో పరీక్షించి నిర్ణయించాలన్నది ఆయన మార్గము.

వాక్యముతో పరీక్షిస్తే ఏమి కనబడుతుంది? రెండవ సమూయేలు 14లో తెకోవ స్త్రీ యోవాబు నేర్పిన పాత్రను ధరించి, దుఃఖవస్త్రములు కట్టుకొని, లేని కుమారుల కథను దావీదు ఎదుట చెబుతుంది. రాజు ఆ కథలో మునిగి తీర్పు చెప్పిన తరువాతనే ఆమె అసలు సంగతి విప్పుతుంది. యెహెజ్కేలు 390 దినములు ఎడమ ప్రక్కన, 40 దినములు కుడి ప్రక్కన పండుకొని ఒక జనము దోషమును తన దేహముతో చూపాలి. ఇంతకంటే లోతుగా పాత్రలో మునిగినవారెవరు? మరోవైపు, రెండవ శతాబ్దాంతములో కార్తేజీ సంఘమునకు చెందిన తెర్తుల్లియను నాటకశాలలను తీవ్రముగా ఖండించాడు. ఆ శాలలు అన్యదేవతల ఉత్సవములలో భాగమనేది అతని ముఖ్య కారణాలలో ఒకటి. మన తొలి విశ్వాసుల కారణమూ అదే. రోమా సంఘ సంప్రదాయములో గెనేసియు అనే నటుని కథ ఉంది. దియొక్లెతియను చక్రవర్తి ఎదుట బాప్తిస్మమును వెక్కిరిస్తూ నటించబోయి, నటిస్తూనే నిజముగా విశ్వసించి హతసాక్షి అయ్యాడట. ఇది చరిత్ర కాక ఐతిహ్యమే కావచ్చు, కానీ పాత్ర మనిషిని మార్చగలదని సంఘము ఎన్నడో ఎరుగును.

కాబట్టి వేషము వేయవచ్చునా అని అడుగుట కంటే, దానిలోనికి ఎట్లు వెళ్తున్నాము, ఎట్లు బయటకు వస్తున్నాము అని అడుగుట మేలు. చిందు ఆటకు ముందు గజ్జెపూజ ఉంటుంది, చివర మంగళము పాడతారు. నేను తొమ్మిదో తరగతిలో క్రిస్మస్ నాటకములో హేరోదు వేషం వేశాను. పసిబిడ్డలను చంపుమనే ఆజ్ఞ నా నోట వచ్చినప్పుడు ముందు వరుసలో ఒక చంటిపిల్ల ఏడ్చింది. నాకు భయమూ వేసింది, ఆ భయములో ఒక గర్వమూ ఉంది. తరువాత నెల రోజులు బావి దగ్గర ఆడవాళ్లు “హేరోదు వచ్చిండు” అని నవ్వేవారు. మా అమ్మ మాత్రం నవ్వలేదు. ఆ రాత్రే గుమ్మం బయట నా ముఖానికి రంగు పోయేదాకా కడిగి, మోకాళ్లూనించి, నా పేరు పెట్టి ప్రార్థన చేసిన తరువాతే అన్నం పెట్టింది. మంగళము పాడే ఆచారమును విడిచిన తరములో పుట్టిన మనిషి ఆమె.

పెద్దాయనకు ఈ సంగతులన్నీ చెప్పాను. పిల్లలకు మాత్రం ఒక్కటే చెప్పాను: ఆట ముగిసిన తరువాత వెంటనే పండుకోవద్దు, కాసేపు సొంత పేర్లతో మాట్లాడుకొని, ఎవరి మనసుకు ఏమి తగిలిందో చెప్పుకొని లేవండి అని. రెండో రాత్రి పెద్దాయన కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పాత్ర తీసుకోమంటే వద్దన్నారు. చాలాసేపు విని, కథ నడిపే పిల్లవాణ్ణి, “అందరూ మంచోళ్లే అయితిరి గద బిడ్డా, ఆ దుర్మార్గుని మాట ఎవరు మాట్లాడాలె?” అని అడిగారు.