ఏసీలో గ్యాస్ ఎక్కడికి పోతోంది? చల్లగాలి వెనకున్న చరిత్ర

మన ఛానెల్‌లో మామూలుగా రాజులు, కోటలు, యుద్ధాలు ఉంటాయి. ఈసారి మాత్రం మీ గోడ మీదున్న ఏసీ చరిత్ర చెప్తాను. నవ్వకండి, ఇందులో కూడా ప్రాణాలు పోవడం ఉంది, మోసపోవడం ఉంది, ప్రపంచమంతా ఒక్కటై సంతకాలు పెట్టడం ఉంది. మా ఇంటి కథ కూడా ఉంది. దాంతోనే మొదలుపెడతా.

మూడేళ్ల కిందట, మే నెల. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. రాత్రి పదకొండున్నరకి విజయవాడ నుంచి అమ్మ ఫోన్. "ఒరేయ్ నాన్నా, ఏసీ మళ్లీ చల్లబడట్లేదురా. నానమ్మకి ఆయాసంగా ఉంది, మాట తడబడుతోంది." నానమ్మకి ఎనభై రెండేళ్లు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఒంట్లో నీరు తగ్గిపోయిందని సెలైన్ పెట్టారు. తెల్లారేసరికి కోలుకుంది, అది మా అదృష్టం.

అంతకుముందు రెండు వేసవుల్లోనూ ఇదే జరిగింది. ఏసీ చల్లబడదు, మెకానిక్ వస్తాడు, "గ్యాస్ అయిపోయిందమ్మా" అంటాడు, నింపుతాడు, డబ్బులు తీసుకుంటాడు. మళ్లీ ఏడాదికి అదే మాట. నేను ఫోన్‌లో "నింపించేయమ్మా, డబ్బులు పంపిస్తా" అనేవాణ్ని. ఆఫీసులో ఒక సర్వర్ నెలకోసారి ఆగిపోతే, రీస్టార్ట్ చేసి వదిలేస్తే మా మేనేజర్ ఊరుకునేవాడు కాదు. అసలు కారణం ఏంటో రాసివ్వమనేవాడు. ఇంటి దగ్గర మాత్రం మూడేళ్లు రీస్టార్ట్ చేస్తూ కూర్చున్నాను. "అయిపోయింది సరే, ఎక్కడికి పోయింది?" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో ఇదే ప్రశ్న అడిగిన వాళ్లకి నోబెల్ వచ్చింది.

ముందు ఒక్క విషయం తేల్చుకుందాం. ఏసీ చల్లదనాన్ని తయారుచెయ్యదు. గదిలో వేడిని తోడి బయట పోస్తుంది, అంతే. బావిలో నీళ్లు తోడే చేద ఉంటుంది కదా, గ్యాస్ ఆ చేద లాంటిది. గదిలోని కాయిల్‌లో ద్రవం ఆవిరవుతూ వేడిని నింపుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి బయటికి పంపుతుంది. బయటి కాయిల్‌లో అది మళ్లీ ద్రవమవుతూ ఆ వేడిని వదిలేస్తుంది. పెట్రోల్ కాలిపోతుంది, అందుకే బంకుకి వెళ్తాం. చేద కాలిపోదు, అరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉందనే అర్థం.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. అమెరికాలోని ఫ్లోరిడా, అపలాచికోలా అనే రేవు పట్నం, 1840లు. జాన్ గోరీ అనే డాక్టర్ జ్వరాలతో మగ్గే రోగుల గదిని చల్లబరచాలనుకున్నాడు. పైకప్పు దగ్గర పాత్రలో ఐసు పెడితే చల్లగాలి కిందికి దిగేది. కానీ ఐసు ఉత్తరాది సరస్సుల నుంచి ఓడల్లో రావాలి. ఓడ రాకపోతే వైద్యం ఆగిపోతుంది. దాంతో గాలిని నొక్కి, వదిలి ఐసు తయారుచేసే యంత్రం కట్టాడు. 1851లో పేటెంట్ వచ్చింది, పెట్టుబడి మాత్రం రాలేదు. 1855లో ఆయన చనిపోయేనాటికి ఆ యంత్రాన్ని నమ్మినవాళ్లు లేరు.

ఆ ఐసు వ్యాపారం గుర్తు మన ఏసీల మీద ఇప్పటికీ ఉంది. "1.5 టన్ ఏసీ" అంటాం కదా, అది ఏసీ బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను ఐసు, అంటే సుమారు 907 కిలోలు, 24 గంటల్లో కరిగేటప్పుడు ఎంత వేడి పీల్చుకుంటుందో అది ఒక టన్. గంటకి 12,000 బీటీయూ అని రాసేది దాన్నే.

గోరీ ఐసు కోసం తపించాడు, మన ఏసీలో మాత్రం ఐసు కనిపిస్తే అది రోగ లక్షణం. ఫిల్టర్‌లో దుమ్ము పట్టి గాలి ఆడకపోయినా, గ్యాస్ తగ్గినా, లోపలి కాయిల్ సున్నా డిగ్రీల కంటే కిందికి పోతుంది. దాని మీద తేమ గడ్డకడుతుంది. గడ్డకట్టిన కొద్దీ గాలి ఇంకా ఆడదు, గది చల్లబడదు. అప్పుడు మనమేం చేస్తాం? రిమోట్ తీసుకుని 18 చేస్తాం. దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. కూలింగ్ ఆపి, ఫ్యాన్ ఒక్కటే నడిపి, ఐసు కరగనివ్వాలి. తర్వాత ఫిల్టర్ కడిగి చూడాలి. చాలా ఇళ్లలో సమస్య అక్కడితోనే తీరిపోతుంది, పైసా ఖర్చు లేకుండా.

ఇక 1902కి వద్దాం. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సాకెట్ విల్హెల్మ్స్ అనే ప్రింటింగ్ సంస్థ ఉండేది. వాళ్ల సమస్య వేడి కాదు, తేమ. రంగుల బొమ్మ అచ్చువెయ్యాలంటే ఒకే కాగితం మీద ఒక్కో రంగూ విడివిడిగా పడాలి. గాలిలో తేమ మారితే కాగితం ఉబ్బుతుంది, కుదించుకుపోతుంది, రంగు పక్కకి పడుతుంది. ఈ పని బఫలో ఫోర్జ్ అనే కంపెనీలో పాతికేళ్ల ఇంజనీరు విల్లిస్ క్యారియర్ చేతికి వచ్చింది. చల్లటి కాయిల్స్ మీదుగా గాలిని పంపితే తేమ నీళ్లయి కారిపోతుంది, ఆ కాయిల్ ఎంత చల్లగా ఉండాలో లెక్కకడితే గదిలో తేమ మన చేతిలో ఉంటుంది. ఇదీ ఆయన పట్టుకున్న సూత్రం. 'ఎయిర్ కండిషనింగ్' అన్న మాట మాత్రం ఆయనది కాదు, 1906లో స్టువర్ట్ క్రామర్ అనే బట్టల మిల్లుల ఇంజనీరు వాడాడు. మనుషుల సుఖం కంటే ముందు కాగితం కోసం, నూలు కోసం పుట్టిన యంత్రం అన్నమాట ఇది.

ఇది మనకెందుకంటే, కోస్తాలో ఉన్నవాళ్లకి సగం ఉక్కపోత తేమ వల్లే. మా నానమ్మ చిన్నప్పుడు కిటికీలకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారట. కూలర్ చేసేదీ అదే పని. కర్నూలు, హైదరాబాద్ లాంటి చోట్ల ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు ఆవిరై చల్లబడుతుంది. కాకినాడలో, విశాఖలో గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, ఇంకా నీళ్లు చల్లితే ఒళ్లు జిగటే మిగులుతుంది. అందుకే ఉక్కగా ఉన్న రోజున ఏసీ బాగుందో లేదో చూడాలంటే డ్రెయిన్ పైపు చూడండి. గంటసేపు నడిచినా నీటిచుక్క పడకపోతే కాయిల్ సరిగ్గా చల్లబడట్లేదనో, పైపు మూసుకుపోయిందనో అనుమానించాలి. అలాగే చిన్న గదికి మరీ పెద్ద ఏసీ పెడితే త్వరగా చల్లబడి ఆగిపోతుంది, తేమ తీసే సమయం దానికి దొరకదు. చల్లగా ఉంటుంది కానీ హాయిగా ఉండదు.

ఇప్పుడు ప్రాణాలు పోయిన కథ. 1920ల్లో ఫ్రిజ్‌లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. అన్నీ విషాలే. బెర్లిన్‌లో ఒక కుటుంబం ఫ్రిజ్ నుంచి లీకైన వాయువు వల్ల చనిపోయిందన్న వార్త చదివి కదిలిపోయినవాళ్లలో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఒకరు. అవును, ఆ ఐన్‌స్టీనే. లియో జిలార్డ్ అనే యువ శాస్త్రవేత్తతో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ డిజైన్ చేశాడు. కదిలే భాగం ఉన్నచోటే సీలు అరుగుతుంది, సీలు అరిగినచోటే లీకు వస్తుంది. అదీ వాళ్ల ఆలోచన. వాటికి పేటెంట్లు వచ్చాయి, ఫ్రిజ్ మాత్రం మార్కెట్‌కి రాలేదు.

అమెరికాలో లీకుకి ఇంకో దారి వెతికారు. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ మోటారునీ కంప్రెసర్‌నీ కలిపి ఒకే ఉక్కు డబ్బాలో పెట్టి మూసేసిన ఫ్రిజ్ తెచ్చింది. మన ఇంటి ఏసీ కంప్రెసర్ ఆ వంశంలోదే. జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్‌గ్లీ ఏకంగా గ్యాస్‌నే మార్చేశాడు. 1930లో కెమిస్టుల సభ ముందు కొత్త గ్యాస్‌ని పీల్చి, ఆ ఊపిరితోనే కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. విషం కాదు, మంట అంటుకోదు. అదే ఫ్రియాన్, మెకానిక్‌లు ఆర్-12 అనేది. మన ఇళ్లలో చాలాకాలం ఉన్న ఆర్-22 దాని తమ్ముడు.

ఇక్కడే అందరి మనస్తత్వం మారిపోయింది. ముందు లీకంటే చావు, కాబట్టి వెతికి మూసేవారు. ఇప్పుడు లీకైతే వాసన కూడా రాదు. లీకు వెతకడం కంటే మళ్లీ నింపడమే తేలికైపోయింది.

ఆ అలవాటు బాగా పెరిగింది కార్లలో. 1940 మోడల్ ప్యాకర్డ్ కారులో మొదటిసారి ఫ్యాక్టరీ ఏసీ వచ్చింది. కూలింగ్ యూనిట్ డిక్కీలో చాలా చోటు ఆక్రమించేది. కంప్రెసర్‌ని ఆపాలంటే కారు ఆపి, ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి బెల్టు పీకాలి! తర్వాతి కాలంలో మాగ్నెటిక్ క్లచ్ వచ్చి ఆ బాధ తప్పింది. కానీ పెట్రోల్, డీజిల్ కార్లలో ఇప్పటికీ కంప్రెసర్‌ని తిప్పేది ఇంజిన్ బెల్టే. అంటే ఇరుసు బయటికి రావాలి, దానికో సీలు కావాలి, అదిరే ఇంజిన్‌కి రబ్బరు గొట్టాలు కావాలి. అందుకే కారులో ఏళ్లు గడిచేకొద్దీ కాస్త గ్యాస్ తగ్గడం సహజం. ఇంటి ఏసీలో అది సహజం కాదు. ఈ తేడా తెలియకే కారు లెక్కని ఇంటికి వాడి "ఏటా నింపాలి" అనే మాట నమ్మేశాం.

కారులో ఇంకో లక్షణం. హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడిగాలి వస్తోందా? వెంటనే గ్యాస్ అనుకోకండి. ముందుండే కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. కారు పరిగెత్తేటప్పుడు గాలి దానంతటదే కొడుతుంది, ఆగినప్పుడు ఆ ఫ్యానే దిక్కు. ఇంటి ఔట్‌డోర్ యూనిట్‌ని ఇరుకు బాల్కనీలో బట్టల మధ్య పెట్టినా ఇదే జరుగుతుంది. వేడి పోవడానికి దారి ఉండదు.

సరే, మన ప్రశ్నకి వద్దాం. ఎక్కడికి పోయింది? 1970ల మొదట్లో జేమ్స్ లవ్‌లాక్ సముద్రం మధ్యలో గాలిని కొలిస్తే అక్కడ కూడా ఈ ఫ్రియాన్ జాతి వాయువులు కనిపించాయి. కాలిఫోర్నియాలో షెర్వుడ్ రోలండ్, మారియో మొలీనా అడిగింది సరిగ్గా మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న: ఇంత గ్యాస్ గాలిలో కలుస్తోంది, చివరికి ఏమవుతోంది? కింద దేనితోనూ కలవదు కాబట్టి పైకి చేరుతుంది, అక్కడ సూర్యకాంతికి విరిగి క్లోరిన్ విడుదలవుతుంది, ఆ క్లోరిన్ ఓజోన్‌ని తింటుంది. 1974లో ప్రచురించారు. పరిశ్రమ కొట్టిపారేసింది. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర దారుణంగా పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, భారత్ 1992లో చేరింది. రోలండ్, మొలీనాలకి పాల్ క్రుట్జెన్‌తో కలిపి 1995లో నోబెల్ వచ్చింది.

తర్వాత కార్లలోకి ఆర్-134ఏ, ఇళ్లలోకి ఆర్-410ఏ, ఆర్-32 వచ్చాయి. వీటివల్ల ఓజోన్‌కి ముప్పు లేదు కానీ భూమిని వేడెక్కిస్తాయి, అందుకే 2016లో కిగాలీలో వీటిని తగ్గించడానికి ఇంకో ఒప్పందం జరిగింది. ఒక లెక్క చెప్తా. ఆర్-22 ఒక కిలో లీకైతే అది సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరు పెట్రోల్ కాలిస్తే దాదాపు 2.3 కిలోలు వస్తుంది. అంటే ఆ ఒక్క కిలో దగ్గర దగ్గర 780 లీటర్ల పెట్రోల్. బైకు మీద 39 వేల కిలోమీటర్లు తిరిగినట్టు. మా ఏసీలో ఉన్నది ఆర్-22. మేం మూడేళ్లు డబ్బులిచ్చి మరీ గాలిలో కలిపింది అదే.

నానమ్మ ఇంటికొచ్చాక నేను సెలవు పెట్టి విజయవాడ వెళ్లాను. ఇంకో మెకానిక్‌ని పిలిచి, "అన్నా, నింపే ముందు లీకు చూడు" అన్నాను. నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నురగ రాశాడు. ఔట్‌డోర్ యూనిట్ దగ్గర ఫ్లేర్ నట్ కింద బుడగలు. బిగింపు సరిగ్గా లేదు, పైపు అంచు చీలింది. అంచు కోసి మళ్లీ ఫ్లేర్ చేసి, వ్యాక్యూమ్ పెట్టి, ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం తూకం వేసి గ్యాస్ ఎక్కించాడు. రెండు గంటల పని. ఆ తర్వాత వేసవుల్లో మళ్లీ నింపలేదు.

మొదటి మెకానిక్‌ని దొంగ అనను. రోజుకి పది ఇళ్లు తిరిగే మనిషిని "తొందరగా చల్లబడేలా చెయ్యి" అని తొందరపెట్టింది మేమే. లీకు వెతకమని ఎవరూ అడగలేదు, అడిగినా ఆ రెండు గంటలకి డబ్బులిస్తారో లేదో అతనికి తెలియదు.

కాబట్టి ఈ వేసవికి వరస ఇది. ముందు ఫిల్టర్, తర్వాత ఔట్‌డోర్ కాయిల్ మీద దుమ్ము, తర్వాత ఫ్యాన్లు. లోపలికి పోయే గాలికీ వచ్చే గాలికీ మామూలుగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి. ఔట్‌డోర్ దగ్గర సన్న పైపు మీద మంచు పేరుకుంటే అప్పుడు గ్యాస్‌ని అనుమానించండి. కరెంటు భాగాలు, గ్యాస్ పైపులు మీరే విప్పకండి, ఆర్-32కి మంట అంటుకునే గుణం కొంత ఉంది కూడా. మెకానిక్ "గ్యాస్ అయిపోయింది" అంటే, గొడవ పడకుండా, "ఎక్కడ లీకైందో చూపించి నింపు అన్నా, ఆ పనికి కూడా డబ్బులిస్తా" అనండి.

మొన్న ఈ ఎపిసోడ్ రాసుకుంటూ నానమ్మకి మిడ్‌గ్లీ కథ చెప్పాను. అంతా విని, "చేదకి చిల్లుంటే బావిని తిట్టుకుంటామా" అంది. పైన నేను వాడిన చేద పోలిక ఆవిడ దగ్గర తీసుకున్నదే. మీ ఇంట్లో ఏసీ ఎన్నిసార్లు "అయిపోయిందో" కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.