గాడిన పడిన గురి

మన భాషలో ‘గురి’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. బాణానికో తూటాకో ఎంచుకున్న లక్ష్యం ఒకటి, ఒకరి మీద మనసుకు కుదిరే నమ్మకం రెండవది. ‘ఆ వైద్యుడి మీద గురి కుదిరింది’ అంటాం. తుపాకికి దుర్భిణి బిగించడం ఎలా మొదలై ఎక్కడికి చేరిందో చదువుతున్నప్పుడు, ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఇమడటం ఊరికే జరిగింది కాదనిపించింది. ఆయుధాల మీద నాకు మోజు లేదు. కానీ ఒక చిన్న లోహపు పట్టా వెనక ఇంత కథ ఉందని తెలిశాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందుగా ఒక చిన్న లెక్క. దుర్భిణిలో కన్ను చూసే దారి వేరు, గొట్టంలో నుంచి తూటా వెళ్ళే దారి వేరు. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేది మధ్యనున్న బిగింపు ఒక్కటే. ఆ బిగింపు పొడవు 10 సెంటీమీటర్లనుకుందాం. దాని ఒక కొస 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగితే, 100 మీటర్ల దూరంలో తూటా 10 సెంటీమీటర్లు తప్పుతుంది. 300 మీటర్ల దూరంలో 30 సెంటీమీటర్లు. 0.1 మిల్లీమీటరంటే ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం. ‘వెంట్రుకవాసిలో తప్పింది’ అని మనం అలంకారంగా అనే మాట ఇక్కడ అక్షరాలా కొలత.

1936లో అమెరికా సైన్యం ఎం1 రైఫిలును స్వీకరించింది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో జాన్ గారండ్ రూపొందించిన ఈ తుపాకి సెమీ ఆటోమేటిక్. మీట నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలుతుంది, తరువాతి తూటా దానంతటదే గొట్టంలోకి చేరుతుంది. ఎనిమిది తూటాల క్లిప్పును పైనుంచే లోపలికి నొక్కాలి, ఖాళీ అయిన క్లిప్పు పైకే ఎగిరి పడుతుంది. అంటే దుర్భిణి కూర్చోవలసిన చోటు ముందే వేరేదానికి రాసిచ్చేసినట్టు. 1944లో వచ్చిన ఎం1సీలో దుర్భిణిని ఎడమ పక్కకు జరిపి పెట్టవలసి వచ్చింది. అప్పుడు చెంప ఆనించే చోటు మారిపోయింది, అందుకని కర్రకు తోలు దిండొకటి కట్టారు. అసలు చిక్కు బిగింపులో వచ్చింది. గట్టిపరచిన ఉక్కు రిసీవరుకు రంధ్రాలు చేసి మరలు తొలిస్తే ఆ ఉక్కు వంకర తిరిగి తుపాకి గురే దెబ్బతినేది. గురి పెంచడానికి చేసిన పని గురిని తగ్గించింది! దాని తరువాత ఎం1డీలో రిసీవరును ముట్టుకోకుండా, గొట్టం వెనక కొసన ఒక దిమ్మను అమర్చి, ఒకే ఒక పెద్ద మరతో దుర్భిణిని పట్టి ఉంచారు.

1960లలో వియత్నాంకు వెళ్ళిన ఎం16కు పైన చేతిపిడి ఉండేది. దుర్భిణిని దాని నెత్తిన బిగించేవారు. అది గొట్టానికి మరీ ఎత్తయిపోయి, చెంప కర్రకు ఆనేది కాదు. ఇలా ప్రతి తుపాకికీ ఒక ప్రత్యేకమైన చిక్కు, ప్రతి చిక్కుకూ ఒక ప్రత్యేకమైన బిగింపు. ఒకదాని సామగ్రి మరొకదానికి పనికివచ్చేది కాదు.

వేటగాళ్ళ లోకంలో దీనికి అప్పటికే సగం జవాబు ఉంది. 1930లో దుర్భిణుల సంస్థ స్థాపించిన విలియం వీవర్ పేరుతో ఒక పట్టా ప్రచారంలోకి వచ్చింది. దాని గాడి వెడల్పు 4.57 మిల్లీమీటర్లు. కానీ గాడికీ గాడికీ మధ్య దూరం మాత్రం తయారుచేసినవారి ఇష్టం. మిగిలిన సగం జవాబు న్యూజెర్సీలోని పికటిని ఆర్సెనల్ నుంచి వచ్చింది. 1995 ఫిబ్రవరిలో వెలువడిన మిల్-ఎస్‌టీడీ-1913 అన్న ప్రమాణపత్రం గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లనీ, ఒక గాడి నడుమ నుంచి తరువాతి గాడి నడుమకు 10.01 మిల్లీమీటర్లనీ, లోతు 3 మిల్లీమీటర్లనీ తేల్చి చెప్పింది. పేరులోని 1913ను చాలామంది సంవత్సరమనుకుంటారు, అది వట్టి క్రమసంఖ్య. ఇందులో కొత్తగా కనిపెట్టింది దాదాపు లేదు. ఉన్నదాన్ని అందరూ ఒకేలా కొలవాలన్నదే దాని గొప్పతనం.

ఈ గాడి పనేమిటో తెలిస్తే, విడిగా కొన్న పట్టాను సరిగా అమర్చడమంటే ఏమిటో కూడా తెలుస్తుంది. తుపాకి పేలినప్పుడు వెనక్కి తన్నుతుంది. దుర్భిణి మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండజూస్తుంది, అంటే పట్టా మీద ముందుకు జారజూస్తుంది. ఆ తోపును కాయవలసింది గాడి గోడ. మరల పని పట్టి ఉంచడమే. అందుకే తెలిసినవాళ్ళు తుపాకి ఖాళీగా ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని, నూనె, మట్టి తుడిచి, బిగింపు అడ్డకడ్డీ గాడి ముందుగోడకు తగిలేలా ముందుకు నెట్టి, ఆ తరువాతే మర తిప్పుతారు. చేతి బలం కొద్దీ కాకుండా, తయారీదారు చెప్పిన కొలత మేరకు టార్క్ రెంచితో బిగిస్తారు. రిసీవరు మీది పట్టా, ముందు చేతిపట్టు మీది పట్టా చూపుకు ఒకే గీతలా కనిపించినా, ఒకే దుర్భిణిని ఆ రెండింటి మీదా కాళ్ళు చాచి కూర్చోబెట్టరు. చేతి ఒత్తిడికి ముందుభాగం కాస్త వంగినా గురి కదులుతుంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం ఎక్కడైనా ప్రమాదమే.

కొలత కుదిరాక కూడా దిద్దుబాట్లు ఆగలేదు. 2009లో నాటో దేశాలు ఈ పట్టాను సవరించుకున్నాయి. ఏటవాలు అంచుల మీద కాకుండా చదునైన పైభాగం మీద ఆధారపడితే, తీసి పెట్టిన ప్రతిసారీ బిగింపు అదే చోట కూర్చుంటుందని వారు గ్రహించారు. అయినా పాత సామగ్రిని పారేయవలసిన అవసరం రాకుండా జాగ్రత్తపడ్డారు. ఈ ఇంగితం నన్ను బాగా ఆకట్టుకుంది.

దుర్భిణిని తీసి, మళ్ళీ పెట్టి, ఇంకోసారి కాల్చి చూసుకునే వ్యవధి యుద్ధంలో ఎవరికీ దొరకదు. ఆ సిపాయి ఎన్నడూ చూడని ఒకరు ఎక్కడో కర్మాగారంలో ఒక గాడిని చెప్పిన కొలతకే కోశారన్న నమ్మకం మీద అతని ప్రాణమూ, గురి తప్పితే మధ్యలో చిక్కుకునే అమాయకుడి ప్రాణమూ ఆధారపడి ఉంటాయి. మొదటి అర్థంలో గురి కుదరాలంటే ముందు రెండవ అర్థంలో కుదరాలి. తుపాకి చేతపట్టని నాకు ఈ చరిత్ర నేర్పినది అంతే.