సార్వత్రిక ఎన్నికలు: కోయిలకుంట్ల ఓటు ఎక్కడ లెక్కకొస్తుంది?

లోక్‌సభకు దేశమంతటా జరిగే ఎన్నికలను సార్వత్రిక ఎన్నికలు అంటారు. ఉర్దూ పత్రికలు ఆమ్ ఇంతెఖాబాత్ అని రాస్తాయి. ఇళ్లల్లో మాత్రం "ఓట్లొచ్చాయి" అంటే సరిపోతుంది. లోక్‌సభలో 543 స్థానాలున్నాయి. ప్రభుత్వం నిలబడాలంటే 272 కావాలి. ఆంధ్రప్రదేశ్ వాటా 25. కోయిలకుంట్ల ఓటు ఆ 25లో నంద్యాల స్థానానికి పోతుంది.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. చాలామంది తడబడేది ఆ తర్వాత సంగతుల దగ్గర. మన మండలం ఏ అసెంబ్లీ సీటులో ఉంది, పెళ్లయి అత్తగారింటికి వెళ్లిన ఆడపిల్ల ఓటు ఎక్కడ, జాబితాలో పేరు ఒకలా ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఏం చేయాలి, ఇవే పోలింగ్ రోజు గొడవకు దారితీసేవి.

సీటు పోయిన ఊరు

కోయిలకుంట్ల ఒకప్పుడు సొంత అసెంబ్లీ నియోజకవర్గం. 1960లలో శాసనసభ స్పీకర్‌గా ఉన్న బి.వి. సుబ్బారెడ్డి ఇక్కడి నుంచి గెలిచినవారే. ఈ సీటుకు చివరి సాధారణ ఎన్నిక 2004లో జరిగింది. 2008 పునర్విభజనలో సీటు రద్దయి, కోయిలకుంట్ల మండలం బనగానపల్లె నియోజకవర్గంలో కలిసింది. బనగానపల్లె, అవుకు, కోయిలకుంట్ల, సంజామల, కొలిమిగుండ్ల, ఈ ఐదు మండలాలు కలిపి ఒక సీటు.

చరిత్ర తెలిసినవాళ్లకు ఇందులో ఒక విచిత్రం కనిపిస్తుంది. కోయిలకుంట్ల కంపెనీ కాలం నుంచే తెల్లవాళ్ల పాలనలో ఉన్న తాలూకా. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో దాడి చేసిన ఖజానా ఇక్కడిదే. 1847 ఫిబ్రవరిలో ఆయన్ను ఉరితీసిందీ ఇక్కడే. పక్కనున్న బనగానపల్లె మాత్రం 1948 దాకా నవాబుల సంస్థానం. ఆనాడు రెండు వేర్వేరు ప్రభుత్వాల కింద ఉన్న ఊర్లు ఇప్పుడు ఒకే ఎమ్మెల్యేను ఎన్నుకుంటున్నాయి.

పొరుగునే ఉన్న ఉయ్యాలవాడ, దొర్నిపాడు మండలాలు మాత్రం ఆళ్లగడ్డ నియోజకవర్గంలో ఉన్నాయి. కాబట్టి కోయిలకుంట్లకు సరుకులకు వచ్చే ఉయ్యాలవాడ మనిషి, ఆ సరుకులమ్మే షాపాయన ఓటేసే ఎంపీ ఒకరే, ఎమ్మెల్యేలు వేరు. నంద్యాల లోక్‌సభ కింద ఆళ్లగడ్డ, శ్రీశైలం, నందికొట్కూరు, పాణ్యం, నంద్యాల, బనగానపల్లె, డోన్ అని ఏడు అసెంబ్లీ సీట్లు. అదే కోయిలకుంట్ల నుంచి జమ్మలమడుగు వైపు వెళ్తే ఎంపీ కూడా మారిపోతారు, అది కడప లోక్‌సభ. మన సంబంధాలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఆళ్లగడ్డ, నంద్యాల అన్ని వైపులా ఉంటాయి కాబట్టి ఈ సరిహద్దులు తెలిసి ఉండటం అవసరం.

ఢిల్లీ దాకా వెళ్లిన సీటు

నంద్యాల చాలా స్థానాల్లాంటిది కాదు. 1977లో ఎమర్జెన్సీ తర్వాత జరిగిన ఎన్నికల్లో ఉత్తరాదిలో కాంగ్రెస్ కొట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి మార్చిలో లోక్‌సభ స్పీకర్ అయ్యారు, జులై 25న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఆయన చేతిలో ఓడిన పెండేకంటి వెంకటసుబ్బయ్య తర్వాత వచ్చిన ఉప ఎన్నికలో మళ్లీ గెలిచారు. తర్వాత ఆయన కేంద్రంలో హోం శాఖ సహాయమంత్రిగా, బీహార్, కర్ణాటక గవర్నర్‌గా పనిచేశారు.

రెండోసారి 1991లో. ఆ ఏడాది సార్వత్రిక ఎన్నికల్లో పి.వి. నరసింహారావు పోటీయే చేయలేదు. రాజీవ్ గాంధీ హత్య తర్వాత జూన్ 21న ప్రధాని అయ్యారు. ఏ సభలోనూ సభ్యుడు కాని మంత్రి ఆరు నెలల్లో సభ్యుడు కావాలని రాజ్యాంగం చెబుతుంది. నంద్యాల ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ టీడీపీ అభ్యర్థిని పెట్టలేదు. బీజేపీ బంగారు లక్ష్మణ్‌ను నిలబెట్టింది. నవంబర్‌లో జరిగిన ఉప ఎన్నికలో పీవీ మెజారిటీ 5 లక్షల 80 వేలు దాటింది, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దీని గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు గానీ, ప్రధాన ప్రత్యర్థే బరిలో లేని పోటీలో వచ్చిన మెజారిటీని బట్టి ఓటరు మనసు లెక్కకట్టలేం.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదును కూల్చినప్పుడు దేశ ప్రధాని నంద్యాల ఎంపీయే. మన పెద్దలు ఈ మాట మర్చిపోలేదు. 1996లో పీవీ మళ్లీ ఇక్కడ పోటీ చేసినప్పుడు టీడీపీ కూడా బరిలో ఉంది. ఆయన గెలిచారు, మెజారిటీ మాత్రం లక్షలోపే. ఒడిశాలోని బరంపురంలో కూడా గెలిచి, దాన్నే ఉంచుకుని నంద్యాలను వదిలేశారు. ఉప ఎన్నికలో భూమా నాగిరెడ్డి వచ్చారు. 1998, 1999లలో కూడా ఆయనే.

2004, 2009, 2014లలో నంది పైపుల ఎస్పీవై రెడ్డి గెలిచారు, మొదటి రెండుసార్లు కాంగ్రెస్, మూడోసారి వైఎస్సార్‌సీపీ. 2009లో, 2014లో రెండో స్థానంలో నిలిచింది టీడీపీ అభ్యర్థి ఎన్.ఎం.డి. ఫరూక్. ఈ స్థానం నుంచి ముస్లిం ఎంపీ ఇంతవరకు లేరు.  ఫరూక్ 2024లో నంద్యాల ఎమ్మెల్యేగా గెలిచి రాష్ట్ర మంత్రి అయ్యారు. 2019లో పోచా బ్రహ్మానందరెడ్డి ఎంపీ అయ్యారు. ఆ ఎన్నికలో జనసేన తరఫున పోటీ చేసిన ఎస్పీవై రెడ్డి, పోలింగ్ అయ్యాక ఫలితం రాకముందే ఏప్రిల్ 30న కన్నుమూశారు. 2024 మే 13న జరిగిన పోలింగ్‌లో టీడీపీ అభ్యర్థి డాక్టర్ బైరెడ్డి శబరి లక్షకు పైగా మెజారిటీతో గెలిచారు. నంద్యాలకు తొలి మహిళా ఎంపీ ఆమెయే.

ఆళ్లగడ్డ 2014: చనిపోయిన అభ్యర్థికి పడ్డ ఓట్లు

అభ్యర్థి మధ్యలో చనిపోతే ఎన్నిక ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ ఆగదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 52వ సెక్షన్ ప్రకారం, గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగ్ వాయిదా వేస్తారు. 2014 ఏప్రిల్‌లో ప్రచారం ముగించుకుని వస్తూ ఆళ్లగడ్డ దగ్గర కారు ప్రమాదంలో శోభా నాగిరెడ్డి మరణించారు. అప్పటికి వైఎస్సార్‌సీపీ రిజిస్టర్డ్ పార్టీయే తప్ప గుర్తింపు పొందిన పార్టీ కాదు. అందువల్ల ఎన్నిక ఆగలేదు, మిషన్ మీద ఆమె పేరు అలాగే ఉంది. ఆమెకు వేసే ఓట్లు చెల్లుతాయని ఎన్నికల సంఘం చెప్పింది. మే 7న పోలింగ్ జరిగింది, ఆమే గెలిచారు. తర్వాత ఉప ఎన్నికలో కూతురు అఖిలప్రియ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. చట్టంలో ఒక్క మాట తేడా ఎంత పని చేస్తుందో చూపడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

రెండు మిషన్లు, ఒకే రోజు

1999 నుంచి మన రాష్ట్రంలో లోక్‌సభ, అసెంబ్లీ ఓట్లు కలిసే వస్తున్నాయి. బూత్‌లో రెండు మిషన్లు ఉంటాయి. లోక్‌సభ మిషన్ మీద అంటించే బ్యాలెట్ కాగితం తెల్లది, అసెంబ్లీది గులాబీ రంగు. ఒకదాంట్లో నొక్కి రెండోది మర్చిపోయి బయటికొచ్చే పెద్దవాళ్లు ఉంటారు, ముందే చెప్పి పంపాలి. నొక్కాక పక్కనున్న వీవీప్యాట్ అద్దంలో గుర్తుతో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. అది చూసే కదలాలి.

బురఖాలో వచ్చే ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న బూత్‌లలో గుర్తింపు కోసం మహిళా సిబ్బందిని పెట్టాలని ఎన్నికల సంఘం నిబంధన. ముఖం చూపించాల్సింది ఆమెకే, మర్యాదకు భంగం లేకుండా. గుర్తింపు చూడటం తప్పు కాదు, అది అందరికీ ఉన్నదే. చూసే పద్ధతి గురించి అడిగే హక్కు మాత్రం మనది.

ఒక్కోసారి వెళ్లేసరికి "నీ ఓటు పడిపోయిందమ్మా" అంటారు. అక్కడితో తిరిగి వచ్చేయకూడదు. మీరు మీరేనని రుజువు చేస్తే ప్రిసైడింగ్ అధికారి టెండర్డ్ ఓటు కింద కాగితం బ్యాలెట్ ఇవ్వాలి. దాన్ని విడిగా కవర్లో పెడతారు. మామూలుగా లెక్కింపులో అది కలవదు, కానీ మీ పేరున వేరెవరో ఓటేశారన్నది రికార్డులో ఉంటుంది.

పేరు దగ్గరే అసలు చిక్కు

1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితా రాసేటప్పుడు, ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాయించుకున్నారు. అలాంటి దాదాపు 28 లక్షల పేర్లను ఎన్నికల సంఘం జాబితాలోంచి తీసేసింది. ఓటు హక్కు ఉన్నా పేరు సరిగా లేక ఓటు పోయింది.

మన ఇళ్లల్లో ఇది వేరే రూపంలో ఉంది. రేషన్ కార్డులో రసూలమ్మ, ఆధార్‌లో రసూల్ బీ, ఓటరు జాబితాలో రసూల్‌బి. షేక్ ఒకచోట ముందు, ఒకచోట వెనక. మహబూబ్ బాషా ఒకచోట, మాబాషా ఇంకోచోట. ఒకే వీధిలో ఖాజా హుస్సేన్లు ముగ్గురుంటే వాళ్లను వేరుచేసేది తండ్రి పేరు, ఇంటి నంబరే. చిన్న చిన్న అక్షర దోషాలుంటే, మనిషిని గుర్తించగలిగినంత వరకు ఓటు ఆపకూడదని ఎన్నికల సంఘం చెబుతోంది. అయినా తండ్రి పేరు చోట భర్త పేరు, వయసులో పదేళ్ల తేడా లాంటివి ముందే దిద్దించుకోవాలి. దానికి ఫారం 8. ఇల్లు మారినప్పుడు కూడా అదే ఫారం. కోయిలకుంట్ల నుంచి ఆళ్లగడ్డకు కాపురానికి వెళ్లిన అమ్మాయి ఫారం 8 పెడితే ఓటు అక్కడికి మారుతుంది. పుట్టింట్లో ఒకటి, అత్తింట్లో ఒకటి ఉంచుకోవడం నేరం. హైదరాబాద్‌లో చేర్పించుకుని ఇక్కడా ఉంచుకునే అబ్బాయిలకూ ఇదే మాట.

కొత్తగా 18 నిండినవాళ్లకు ఫారం 6. ఏడాదికి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అని నాలుగు తేదీలు లెక్కలోకి వస్తాయి. పేరు తొలగించమని వేరేవాళ్లు పెట్టేది ఫారం 7. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఇవి లక్షల సంఖ్యలో వచ్చి పెద్ద గొడవైంది. ఫారం 7 రాగానే పేరు పోదు, విచారణ జరగాలి, మీకు నోటీసు రావాలి. ఆ నోటీసు వచ్చినప్పుడు పొలానికి పోయామనో, ఊర్లో లేమనో వదిలేస్తేనే చిక్కు. ఏ ఎన్నిక లేని నెలలో కూడా ఒకసారి బీఎల్‌ఓ దగ్గర జాబితా చూసుకోవడం, లేదా 1950కి ఫోన్ చేయడం మంచిది.

ఓటరు కార్డు పోయినా భయపడక్కర్లేదు. ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు లాంటివి చెల్లుతాయి. రేషన్ కార్డు ఆ జాబితాలో లేదు. ఇంటికి తెచ్చిచ్చే ఓటరు స్లిప్పు కూడా 2019 నుంచి గుర్తింపు పత్రం కాదు. అది బూత్ నంబరు తెలుసుకోవడానికే. మంచం దిగలేని పెద్దవాళ్లకు ఫారం 12డి ఉంది. 2024లో 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతానికి పైగా వైకల్యం ఉన్నవాళ్లకు సిబ్బంది ఇంటికొచ్చి ఓటు వేయించారు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే ఆ ఫారం ఇవ్వాలి, తర్వాత అడిగితే కుదరదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల సంగతి చాలామంది అడుగుతుంటారు. కువైట్‌లోనో సౌదీలోనో పనిచేస్తూ భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఫారం 6ఏతో, పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామా మీద ఓటరుగా చేరొచ్చు. కానీ అక్కడి నుంచి ఓటేసే వీలు లేదు. పోలింగ్ రోజుకు కోయిలకుంట్లకు వచ్చి, అసలు పాస్‌పోర్టు చూపించి, వరుసలో నిలబడి వేయాల్సిందే.